మావుసీ పొడపిఠా కోసం ఓవెన్‌తో నాలుగు నెలలు

ఫిబ్రవరి 8

ఓవెన్ వచ్చేసింది. 30 లీటర్లది, 1500 వాట్లు, పైన రెండు రాడ్లు కింద రెండు రాడ్లు, లోపల కుడిపక్క చిన్న ఫ్యాను, ఆ ఫ్యాను ఉంది కాబట్టే దీన్ని కన్వెక్షన్ ఓవెన్ అంటారు. ఇంట్లో అందరూ కేకుల కోసం కొన్నాననే అనుకుంటున్నారు, మా గుంటలిద్దరూ అట్టపెట్టె విప్పకముందే పిజ్జా పిజ్జా అని మొదలెట్టారు, అవీ చేస్తాలే గానీ నేను కొన్నది పొడపిఠా కోసం, అంటే బియ్యం మినప్పప్పు పిండిలో బెల్లం, కొబ్బరి వేసి కాల్చే ఒడియా పిండివంట. మధ్యలో వేరే వంటల్లో పడి అసలుది మర్చిపోతానేమో అని ముందే రాసి పెట్టుకుంటున్నా.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్రా, మేం ఒడిశా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు ఇటొచ్చింది, ఇంట్లో తెలుగు స్కూల్లో ఒడియా బజార్లో రెండూ, సంక్రాంతికి అరిసెలు ఎంత మావో జూన్‌లో రజో పండక్కి పొడపిఠా కూడా అంతే మాది. మాకు అది కింద వాటాలో ఉండే మావుసీ (ఒడియాలో పిన్ని అని) చేతి మీద వచ్చేది. ఆవిడ ఒడియా ఆవిడ, తెలుగు మనకంటే బాగా మాట్లాడుతుంది. పెరట్లో మట్టి పొయ్యి ఉండేది, రాత్రి వంటయ్యాక ఆ నిప్పుల్లోనే గిన్నె పెట్టి మూత మీద ఇంకొన్ని నిప్పులు పోసి వదిలేసేది, పొద్దున్నకి పిఠా తయారు. నిరుడు పెరడంతా సిమెంటు చేసి గది వేశారు, పొయ్యి పోయింది. నిరుటి రజోకి షాపులో కొన్న పిఠా తెచ్చుకుని ఒక ముక్క నోట్లో వేసుకుని మిగతాది పక్కన పెట్టేసింది, ఏమీ అనలేదు. నాకు అదే ఏడాదంతా మనసులో ఉండిపోయింది.

ఈ రజోకి నా ఓవెన్‌లో ఆవిడ పిఠా రావాలి. నాలుగు నెలల టైముంది.

ఫిబ్రవరి 10

ముందు ప్లగ్గు సంగతి తేలాలి. వంటింట్లో మిక్సీ పెట్టే ప్లగ్గులో పెడదామనుకున్నా, ఎలక్ట్రీషియన్ తమ్ముడు వద్దన్నాడు. 1500 వాట్లని 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు, ఆ చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, గంటల తరబడి నడిపితే వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుందట. గీజరుకి వేసే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగించా. 900 అయింది, ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వద్దు. గోడకి జానెడు దూరంలో పెట్టాం, పైన ఏ డబ్బాలూ పెట్టట్లేదు ఎందుకంటే పైరేకు బాగా కాలుతుంది.

ఫిబ్రవరి 11

ఖాళీగా 230 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు వదిలా. కొత్త రాడ్లకి పూసిన నూనె కాలి పొగొస్తుంది, వాసన కూడా, కిటికీలన్నీ తీసి పెట్టుకోవాలి. రెండోసారికి పొగ లేదు.

ఫిబ్రవరి 23

పిజ్జా, ఒక కేకు, వేరుశనగ గుళ్ళు వేయించడం అన్నీ అయ్యాయి. గుళ్ళు అద్భుతం. కేకు మాత్రం వెనక ఎడమ మూల నల్లగా, ముందు తెల్లగా. అందుకని ఈ రోజు బ్రెడ్డు పరీక్ష పెట్టా, ట్రే నిండా ఆరు బ్రెడ్డు ముక్కలు పరిచి 180 మీద ఎనిమిది నిమిషాలు. చూస్తే నా ఓవెన్ మ్యాపు నాకు దొరికేసినట్టే, వెనక ఎడమ ముక్క ముదురు గోధుమ రంగు, అద్దం తలుపు పక్కనున్న రెండూ దాదాపు అలాగే ఉన్నాయి. ఫ్యాను వేసి మళ్ళీ కొత్త ముక్కలతో చేస్తే తేడా సగానికి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కాబట్టి ఏది చేసినా సగం టైముకి ట్రే తిప్పి పెట్టాలి. తలుపు తీసి ఆలోచిస్తూ నిలబడకూడదు, వేడి మొత్తం మొహం మీదకొచ్చేస్తుంది.

ఫ్యాను చేసే పని ఏటంటే, వంటకం చుట్టూ చల్లటి తడిగాలి ఒక పొరలాగ పట్టుకుని ఉంటుంది కదా, దాన్ని ఊడ్చేసి వేడిగాలిని తాకిస్తూ ఉంటుంది. అందుకే ఫ్యాను వేస్తే మామూలు ఓవెన్ కొలతకి 15, 20 డిగ్రీలు తగ్గించి పెట్టాలి. దానికి ఇంకో పక్క కూడా ఉంది, పైన తొందరగా ఆరిపోతుంది. బిస్కెట్లకి అది మంచిదే, పిఠాకి ఏమవుతుందో చూడాలి.

మార్చి 2

180 అని నాబ్ మీద రాసుంటే లోపల నిజంగా 180 ఉందా? ఓవెన్ థర్మామీటరు మన బజార్లో లేదు, బరంపురం వెళ్తే చూడాలి. ఈలోగా పంచదారతో చేశా. శుద్ధమైన పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే 175 వేడిలో పావుగంట ఉంచినా పలుకులు పలుకుల్లాగే ఉంటాయి, 190లో కరిగి నీళ్ళవుతుంది. ఫాయిల్‌తో చిన్న గిన్నె చేసి అర చెంచా పంచదార వేసి మధ్య అరలో పెట్టా.

నాబ్ 180 మీద పెడితే పూర్తిగా కరిగి తేనెరంగు వచ్చింది. 160 మీద ఏమీ కాలేదు. 170 మీద అంచులు మాత్రం కరిగాయి. అంటే నా నాబ్ 170 అన్నప్పుడు లోపల 186 చిల్లర, పదిహేను పైనే ఎక్కువ వేడి! ఇన్నాళ్ళూ కేకు మాడుతుంటే పిండి తప్పనుకున్నా. ఒక తెల్ల టేపు మీద అసలు డిగ్రీలు రాసి నాబ్ పక్కన అంటించా, ఇకనుంచి ఈ డైరీలో రాసేవన్నీ ఆ టేపు లెక్కే.

కొత్తగా కొన్నవాళ్ళెవరైనా మొదటి వారంలోనే ఈ పంచదార పరీక్ష, బ్రెడ్డు పరీక్ష చేసేయండి, రెండూ కలిపి ముప్పై రూపాయలు కూడా కాదు.

మార్చి 16

ఎండలు మొదలయ్యాయి, సాయంత్రం అందరిళ్ళలో కూలర్లు. పొద్దున్న చేసిన బిస్కెట్లు బాగానే వచ్చాయి, అదే పిండి సాయంత్రం ఏడింటికి చేస్తే పాలిపోయి పరుచుకుపోయాయి. తమ్ముడు మీటరు పెట్టి చూశాడు, 192 వోల్టులు. రాడ్డు ఇచ్చే వేడి వోల్టేజికి వర్గం లెక్కన తగ్గుతుందట, నేను కాగితం మీద చేసి చూశా, 192ని 230తో భాగించి దాన్ని దానితోనే గుణిస్తే 0.7, అంటే 1500 వాట్ల ఓవెన్ 1050 వాట్లదైపోయింది. పెట్టిన డిగ్రీలు వచ్చేదాకా రాడ్లని కాల్చే థర్మోస్టాట్ ఉంది కాబట్టి ఆఖరికి వేడి చేరుతుంది గానీ ఆలస్యంగా చేరుతుంది. వేడి చేరగానే ఆరిపోయే లైటు ఉంటుంది కదా, పొద్దున్న 12 నిమిషాల్లో ఆరేది సాయంత్రం 22 నిమిషాలకి ఆరింది. నేను గడియారం చూసి పది నిమిషాల ప్రీహీట్ (ముందుగా వేడెక్కించడం) అయిందనుకుని పెట్టేశా, అదీ తప్పు. ఇకనుంచి లైటు ఆరేవరకు ఆగాలి, ఆరాక కూడా ఇంకో ఐదు నిమిషాలు, గోడలు కూడా వేడెక్కాలి కదా.

పిఠా రాత్రి చేసేది. పదిన్నర దాటాక కూలర్లున్నా వోల్టేజి 215కి వస్తోంది, రాసి పెట్టుకున్నా.

ఏప్రిల్

పెద్దగా రాయలేదు. చోడిపిండి (రాగిపిండి) బిస్కెట్లు కుదిరాయి. ఉట్టి చోడిపిండితో చేస్తే చేతిలోనే పొడైపోతున్నాయి, దాంట్లో పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ లేదు, ఐదు వంతుల్లో రెండు వంతులు గోధుమపిండి కలిపితే నిలబడుతున్నాయి, 160, ఫ్యానుతో 14 నిమిషాలు. అత్తయ్య టీలోకి రోజూ ఇవే అడుగుతోంది.

చెనాపొడ కూడా చేశా, అది నయాగఢ్ వైపు దశపల్లా నుంచి వచ్చిన మిఠాయి. రెండు లీటర్ల ఆవుపాలు విరగ్గొడితే 350 గ్రాముల చెనా వచ్చింది. పంచదార, రెండు చెంచాల బొంబాయి రవ్వ, యాలకులు, అడుగున కేరమెల్, చుట్టూ ఆకు. సంతకి కొండ మీద నుంచి సవర ఆడవాళ్ళు తెచ్చే ఆకుల్లో అడ్డాకు ఒక్కటే నాకు తెలుసు, విస్తళ్ళు కుట్టేది, సాల ఆకు ఏదో వాళ్ళే తీసి చూపించారు. ఆ ఆకు కాలిన వాసన చెనాకి పడితే ఇంకేమీ అక్కర్లేదు. మావుసీకి తీసుకెళ్తే తిని, "బాగుంది అమ్మాయ్, పిఠా ఎప్పుడు సేస్తావు" అంది. ఆవిడకి నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో.

మే 4

మొదటి పిఠా. మావుసీ దగ్గర కూర్చుని కొలతలు రాసుకున్నా, ఆవిడ గుప్పిళ్ళలో చెప్తుంది నేను గ్లాసుల్లోకి మార్చా. రెండు గ్లాసుల బియ్యం, అర గ్లాసు మినప్పప్పు విడివిడిగా నానబెట్టి రుబ్బాలి, ఇడ్లీ పిండి కంటే గట్టిగా. ఒక రాత్రి పులవాలి, ఈ ఎండలకి ఆరు గంటలు చాలు. 300 గ్రాముల బెల్లం తురిమి, కొబ్బరికాయ సగం కోరు, సగం చిన్న ముక్కలు నేతిలో వేయించి, అల్లం, మిరియాలు, యాలకులు, జీడిపప్పు. జీడిపప్పు పలాస నుంచి మా బావగారు తెస్తారు, బద్దలు చాలు, గుండు పప్పు అక్కర్లేదు. ఉప్పు చిటికెడు.

కేకు అచ్చులో అరటాకు పరిచి పోసి 180 మీద ఫ్యానుతో 50 నిమిషాలు. పైన నల్లగా మాడి పగిలింది, పుల్ల గుచ్చితే లోపల పిండి పిండిగా అంటుకుంది. రెండున్నర అంగుళాల మందం ఉంది మరి, బెల్లం తొందరగా మాడే వస్తువు, ఫ్యాను పైపొరని ముందే గట్టిచేసేసింది, లోపల పొంగడానికి దారి లేక పగిలింది. పారెయ్యలేదు, పై పొర కోసేసి మిగతాది ముక్కలుగా పెనం మీద కాల్చి తిన్నాం.

మే 11

రెండోది. భయపడి 150, ఫ్యాను లేకుండా, రెండు గంటలు. లోపలి దాకా ఉడికింది, పుల్ల శుభ్రంగా వచ్చింది. కానీ మావుసీకి ఇస్తే నమిలి, కాసేపాగి, "ఇది ఉడికిన పిఠా అమ్మా, కాలింది కాదు" అంది. నిజమే. పొడ అంటే ఒడియాలో కాలినది అనే కదా అర్థం, పేరులోనే ఉంది. ఇది బెల్లం ఇడ్లీలాగ ఉంది, అంచుకి ఆ నల్లటి చేదు తీపి లేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 180లో మాడుతుంది, 150లో కాలదు, మధ్యలో 165 పెడితే రెండు తప్పులూ కొంచెం కొంచెం వస్తాయి తప్ప అది రాదు.

మే 18

ఈ రోజు పిఠా చెయ్యలేదు, మావుసీని పొయ్యి గురించి అడిగా. వంట గురించి ఇన్నాళ్ళూ అడిగాను గానీ పొయ్యి గురించి అడగలేదు. గిన్నె పెట్టేటప్పటికి నిప్పులు ఎలాగుండేవి? ఎర్రగా భగభగలాడుతూ ఉండేవట. మధ్యరాత్రి లేచి చూస్తే? బూడిద కప్పేసి ఉండేదట, చెయ్యి పెడితే వెచ్చగా. పొద్దున్నకి? గోరువెచ్చ.

అప్పుడు తెలిసింది నాకు. పొయ్యి ఒకే వేడి మీద ఎప్పుడూ లేదు, మొదట బాగా కాల్చి తర్వాత తగ్గుతూ తగ్గుతూ పొద్దుటికి చల్లారుతుంది. మొదటి వేడికి అంచు కాలుతుంది, ఆ తర్వాత తగ్గే వేడికి మధ్య ఉడుకుతుంది, చల్లారుతుంటే బెల్లం లోపలికి ఇంకి బిగుస్తుంది. నేనేమో నాబ్ ఒకచోట పెట్టి వదిలేస్తున్నా. ఓవెన్ అంటే ఒకటే నంబరు అని మనకి అలవాటైపోయింది.

మే 25

మూడోది, తగ్గే వేడి మీద. 200 మీద ఫ్యానుతో 25 నిమిషాలు, పైన అరటాకు మూసి. తర్వాత ఫ్యాను ఆపి 150 మీద 70 నిమిషాలు. తర్వాత ఓవెన్ కట్టేసి తలుపు తియ్యకుండా పొద్దున దాకా.

బాగా దగ్గరికొచ్చింది! చుట్టూ అంచు ముదురు రంగు, మధ్యలో మెత్తగా, చీలిక లేదు. అడుగు మాత్రం తెల్లగా ఉంది. ఇంకోటి, అరగంటకే లోపల చల్లారిపోయింది, మట్టి పొయ్యికి గోడ జానెడు మందం, దీనికి రేకు గోడ, వేడిని పట్టుకుని ఉంచే బరువే లేదు. బరంపురం నుంచి అన్నయ్య తెచ్చిన థర్మామీటరు లోపల వేలాడదీసి చూశా, కట్టేసిన నలభై నిమిషాలకి 60. (టేపు మీద నేను రాసిన డిగ్రీలు కూడా చూశా, ఐదు డిగ్రీల తేడాలో సరిపోయాయి, పంచదార మోసం చెయ్యలేదు.)

జూన్ 1

బరువు కావాలి కదా, అత్తయ్య కాలం నాటి ఇనప అట్ల పెనం ఉంది, రెండు కిలోల పైనే ఉంటుంది. కాడ లేనిది కాబట్టి సరిగ్గా పట్టింది. కింది అరలో పెనం పెట్టి 40 నిమిషాలు కాల్చి, దాని మీదే గిన్నె పెట్టా. గిన్నె కూడా మార్చా, మెరిసే అల్యూమినియం అచ్చు వేడిని వెనక్కి కొడుతుంది, నల్లబడిన పాత ఇనప మూకుడు వేడిని పీల్చుకుంటుంది. పెనానికి చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి, గాలి తిరగాలి, రాడ్లకి తగలకూడదు. అడుగున ఫాయిల్ పరచొద్దు, వేడి అక్కడే ఆగిపోయి రేకు పాడవుతుంది.

అడుగు కాలింది. కట్టేసిన నలభై నిమిషాలకి ఈసారి 95, రెండు గంటలకి కూడా వెచ్చగా ఉంది. కరెంటు మీటరు చూశా, మొత్తం ఒకటిన్నర యూనిట్లు. మావుసీకి కావాలనే ఇవ్వలేదు, పండక్కే ఇద్దామని. మేమే తిన్నాం, మా చిన్నోడు మూకుడు గీకి తిన్నాడు.

జూన్ 13, రాత్రి

ఈ రోజు సజబజ, అంటే పండక్కి అన్నీ సిద్ధం చేసుకునే రోజు, రేపు పహిలి రజో, రజోలో మొదటి రోజు. మూడు రోజులూ భూమాతకి విశ్రాంతి అని దున్నరు, తవ్వరు, ఆడవాళ్ళు రుబ్బరు దంచరు, ఉయ్యాలలూగుతారు, అందుకే పిఠా ఈ రాత్రే అయిపోవాలి. పిండి పొద్దున్నే రుబ్బి పెట్టా, సాయంత్రానికి పులిసింది. మావుసీ మోకాళ్ళతో మెట్లెక్కలేదు, పిండి గిన్నె నేనే కిందికి పట్టుకెళ్ళా. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, ఇంకొంచెం మిరియం వెయ్యమంది, వేశా.

వోల్టేజి చూసుకుని పదికి పెనం పెట్టా. 10.40కి మూకుడు లోపల. 200, ఫ్యాను. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు, తర్వాత కొబ్బరి వాసన, తర్వాత ఆకు కాలే వాసన. 25 నిమిషాలు అవలేదు, 22 అయ్యుంటుంది, కింద నుంచి మావుసీ గొంతు, "అమ్మాయ్! మంట తగ్గించు, అంచు అయిపోయింది!" మెట్ల మీదుగా వాసన కిందికి దిగిందన్నమాట. నేను ఏమీ ఆలోచించకుండా 150కి తిప్పి ఫ్యాను ఆపేశా. 12.15కి కట్టేశా. ఆవిడ అప్పటిదాకా పడుకోలేదు, గదిలో లైటు వెలుగుతూనే ఉంది.

జూన్ 14

ఆరింటికి తీశాం. మూకుడు బోర్లిస్తే ఒక్క దెబ్బకి ఊడింది, అడుగు మొత్తం నల్ల గోధుమ రంగు, అరటాకు ఈనెల గుర్తులు పడి ఉన్నాయి. అత్తయ్య, నేను కలిసి కిందికి తీసుకెళ్ళాం. మావుసీ కత్తి తీసుకుని తనే కోసింది, ముందు అంచు ముక్క, అదే ఆవిడకిష్టం. తిన్నంతసేపూ మాట్లాడలేదు. ఇంకో ముక్క తీసుకుంది. తర్వాత మూడు ముక్కలు ఆకులో చుట్టి, గుణుపురం వెళ్ళే మనిషి ఉన్నాడు, చెల్లికి పంపుతానంది, "మా పొయ్యిలోదే అని సెప్తాను" అంది.

వచ్చే ఏడాదికి: మొదటి వేడి 25 కాదు 22 నిమిషాలు. ఉప్పు ఇంకో చిటికెడు, అది మావుసీ మాట.